సార్జంట్ క్రేగో చెప్పని కబురు

బొరిండాలో పోలీసు స్టేషనూ, సార్జంటు కాపురముండే ఇల్లూ ఒకే రేకుల కప్పు కింద ఉంటాయి. మధ్యలో ఒక తలుపు. అటు వెళితే డ్యూటీ, ఇటు వస్తే భోజనం. నెవిల్ క్రేగో పదహారేళ్ళుగా ఆ గడప దాటుతూనే ఉన్నాడు గానీ, డ్యూటీ ఎక్కడ అయిపోతుందో మాత్రం ఇంతవరకూ కనిపెట్టలేకపోయాడు. కంచం ముందు కూర్చున్న సమయం చూసి మరీ ఎవడో ఒకడు వంటింటి కిటికీ దగ్గర నిలబడతాడు. పక్కవాడి కుక్క నా గొర్రెల మీద పడిందంటాడు. మా బావమరిది తాగి బండి నడుపుతున్నాడు పట్టుకోండి, కానీ నేను చెప్పానని చెప్పకండి అంటాడు. నాలుగు వందల మంది ఉన్న ఊరు, అందరూ అందరికీ తెలుసు. పోలీసులు మాత్రం ఇద్దరే, నెవిల్ ఒకడు, కానిస్టేబుల్ టెస్సా వుకోవిచ్ ఒకతె. మూడో మనిషిని పంపండి మహాప్రభో అని పైవాళ్ళకి రాసిన ఉత్తరాలు పోగేస్తే ఒక చలికాలమంతా పొయ్యిలోకి సరిపోతాయి.

ఇక తొమ్మిది రోజులు. ఆ పైన రిటైర్మెంటు. సముద్రం ఒడ్డున చిన్న ఇల్లొకటి అద్దెకు మాట్లాడి పెట్టింది అతని భార్య లోర్నా. సగం సామాను అప్పుడే అట్టపెట్టెల్లోకి ఎక్కేసింది. "అక్కడ మనమెవరో ఎవరికీ తెలీదు నెవ్. బజారుకెళ్తే ఒక్కళ్ళూ పలకరించరు," అని రోజుకోసారి అంటుంది, స్వర్గం గురించి చెప్పినట్టు.

ఇన్నేళ్ళలో అతన్ని అరగదీసింది తాగుబోతులూ కాదు, దొంగలూ కాదు. చావు కబుర్లు. ఎవరైనా హఠాత్తుగా చనిపోతే ఇంటివాళ్ళకి ఫోన్లో చెప్పడం కుదరదు, పోలీసు వెళ్ళి ఎదురుగా నిలబడి చెప్పాలి. పట్నంలో పోలీసుకైతే అది ముక్కూ మొహం తెలియనివాళ్ళ గడప. బొరిండాలో అది నిన్న క్రికెట్ మైదానం దగ్గర టీ పోసి ఇచ్చిన మనిషి గడప. నెవిల్‌కి ముందున్న ముసలి సార్జంటు వెళ్ళిపోతూ నాలుగు మాటలు నేర్పాడు. ఇంటి ముందు బండి ఆపాక లోపల కూర్చోకు, వెంటనే దిగి నడు. టోపీ తీసి చేత్తో పట్టుకో. పూర్తి పేరు పలికి, చనిపోయాడని చెప్పు. 'వెళ్ళిపోయాడు' అన్నావో, ఎక్కడికి వెళ్ళాడని అడుగుతారు. ఇదంతా అయ్యాక, చెప్పిన టైము పుస్తకంలో రాసుకో.

నెవిల్ ఆ పద్ధతి తప్పకుండా ఇరవై ఆరు గడపల్లో చెప్పాడు. చావు కబురు చల్లగా చెప్పాడంటూ చెప్పినవాడినే ఆడిపోసుకుంటాం గానీ, ఆ చెప్పేవాడి కడుపులో ఏముందో అడిగినవాడు లేడు. ఊళ్ళో మామూలు పనులకి అందరూ పెరటి తలుపులే కొడతారు. సార్జంటు టోపీ చేత్తో పట్టుకుని వీధి తలుపు వైపు నడుస్తున్నాడంటే మాత్రం, చూసినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు.

గురువారం మధ్యాహ్నం ఇరవై ఏడోది వచ్చింది.

గోధుమ గోదాముల మలుపులో జారెడ్ పాస్కో పికప్ బండి ధాన్యం లారీ కిందకి దూరిపోయింది. ఇరవై నాలుగేళ్ళవాడు. వాడికి లైసెన్సు పరీక్ష పెట్టింది నెవిలే. వెనక్కి తిప్పమంటే కంచె గుద్దేసి, "ఇది లెక్కలోకి రాదు కదా సార్జంట్?" అని పళ్ళికిలించిన కుర్రాడు. ఇప్పుడు మొహం మీద చిన్న గీత కూడా లేదు. కింద ఏముందో నెవిల్ ఒక్కసారే చూశాడు. లారీ డ్రైవరు రోడ్డు పక్కన కూర్చుని బూటు తాడు విప్పుకుంటున్నాడు, మళ్ళీ కట్టుకుంటున్నాడు, మళ్ళీ విప్పుకుంటున్నాడు.

"వాళ్ళమ్మకి ఎవరు చెప్తారు బాస్?" అంది టెస్సా.

"ఇంకెవరు?"

"నేనూ వస్తాను. ఇద్దరం వెళ్ళాలి కదా, రూలు."

"నువ్వొస్తే ఇక్కడెవరుంటారు? ఈగలా?"

టెస్సా ముంజేత్తో నుదుటి చెమట తుడుచుకుంది. "అయితే తొందరగా బయల్దేరండి. అప్పుడే మూడు బళ్ళు ఇటుగా పోయాయి. ఎవరో ఒకరు ఫోన్ చేసి 'అయ్యో బెరిల్' అనేస్తారు. పైగా ఆరింటి వార్తల్లో పేరు చదువుతారట. వాళ్ళమ్మకి చెప్పామో లేదో అని ఇప్పటికే రెండుసార్లు అడిగారు."

"వెళ్తున్నా తల్లీ, వెళ్తున్నా."

"అటు చూశారా?" అంది ఆమె పడమటికి చెయ్యి చూపించి. ఆకాశం అంచున ఇటుక రంగు గోడ ఒకటి లేచి ఉంది. వానలు మొహం చాటేసిన మూడో ఏడు అది. దున్నిన పొలాలన్నీ గాల్లోకి లేచి ఊరి మీదకి రావడం కొత్తేమీ కాదు.

పాస్కోల పొలం ముప్పై కిలోమీటర్లు. దారి పొడుగునా నెవిల్ ఆ వాక్యాన్ని నోట్లో తిప్పుతూనే ఉన్నాడు. బెరిల్, మీ అబ్బాయి జారెడ్ పాస్కో ఈ మధ్యాహ్నం చనిపోయాడు. ఎన్నిసార్లు తిప్పినా అది గొంతు దాటేలా లేదు. ఆరేళ్ళ కిందట ఆమె మొగుడు ట్రాక్టరు కింద పడ్డప్పుడూ అదే గడప మీద నిలబడ్డాడు. ఆ రోజు బెరిల్ పక్కన జారెడ్ ఉన్నాడు. ఈ రోజు ఆమె పక్కన ఎవరుంటారు? ఎవరూ ఉండరు. ఆ ఆలోచన వచ్చిన దగ్గర్నుంచి అతని కాలు యాక్సిలరేటర్ మీద బరువుగా ఆనడం మానేసింది.

గేటు పక్కన నీలగిరి చెట్ల వెనక బండి ఆపాడు. టోపీ తీసి ముందు అద్దం కింద పెట్టాడు. దిగలేదు.

అక్కణ్నుంచి పెరడు కనబడుతోంది. దుమ్ము రాకముందే బట్టలు లోపల పెట్టుకోవాలని బెరిల్ హడావిడిగా తీగ మీంచి లాగుతోంది. జారెడ్ నీలం చొక్కాలు. ఒక్కొక్కటీ దులిపి, మడిచి, బుట్టలో వేస్తోంది. కాళ్ళకి అడ్డం పడుతున్న కుక్కని ఏదో తిడుతోంది. తిడుతూ నవ్వుతోంది కూడా. ఇంకో అర నిమిషం నవ్వనియ్యి అనుకున్నాడు నెవిల్. ఆ అర నిమిషం అయిపోయింది. ఇంకో నిమిషం అనుకున్నాడు. మోకాలు నొప్పి పుడుతోంది. కళ్ళ వెనక రెండు రోజుల నిద్ర బాకీ మంటగా ఉంది. జీవితంలో మొదటిసారి, సిగ్గు విడిచి, పైకే అన్నాడు.

"ఇదొక్కటీ ఇంకెవరైనా చెప్తే బాగుండు."

అప్పుడు దుమ్ము వచ్చి పడింది.

ముందు గాలి ఆగిపోయింది. చెట్ల మీద రామచిలుకలు ఒక్కసారిగా లేచి అరుచుకుంటూ తూర్పుకి పోయాయి. ఆ తర్వాత ఇల్లు కనబడలేదు, చెట్లు కనబడలేదు, బండి ముందుభాగం కూడా కనబడలేదు. నాలుగు గంటల ఎండ ఎర్రబడి, గోధుమ రంగుకి తిరిగి, కాసేపట్లో చీకటైపోయింది. అద్దాల మీద ఇసుక ఎవరో గోళ్ళతో గీకుతున్నట్టు రాలుతోంది. అద్దాలన్నీ ఎక్కించి ఉన్నా నోట్లో మట్టి రుచి. దాంతో పాటు ఇంకో వాసన... తడిసిన ఉన్ని వాసన. వానలో నానిన పాత యూనిఫారం కోటు వాసన.

మూడేళ్ళుగా ఆ నేల మీద చుక్క పడలేదు. నెవిల్ ముక్కు పైకెత్తి పీల్చాడు. వాసన పక్క సీటు వైపు నుంచి వస్తోంది.

అతను అటు తిరగలేదు.

పక్క సీటు స్ప్రింగులు కిర్రుమన్నాయి. కూర్చున్న బరువు లేచినప్పటి చప్పుడు. బండి కొంచెం పైకి తేలింది. తలుపు తెరుచుకుంది... గాలి లోపలికి కొట్టింది... తలుపు పడింది.

నెవిల్ చీకట్లో చెయ్యి చాచి అద్దం కింద తడిమాడు. టోపీ లేదు.

గులకరాళ్ళ మీద అడుగులు. తొందర లేని అడుగులు. కుడికాలు కొంచెం ఈడుస్తూ... ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా. ఆ నడక ఎవరిదో గుర్తుపట్టడానికి అతనికి క్షణం పట్టలేదు. తన నడక తనకి తెలియదా?

మెట్లు. ఒకటి. రెండు. మూడు.

తలుపు మీద మూడు దెబ్బలు.

"నెవ్?" బెరిల్ గొంతు, గాలి మధ్యలోంచి. "ఇంత దుమ్ములో ఏంటయ్యా..."

ఆ పైన మాటలు వినబడలేదు. మగగొంతు ఒకటి, తాపీగా, ఒకే ఒక్క వాక్యం చెప్పింది. మాటలు తెలియకపోయినా వాక్యం పొడవు అతనికి తెలుసు. దాని చివర ఎంతసేపు నిశ్శబ్దం ఉంటుందో తెలుసు.

ఆ తర్వాత బెరిల్ అరిచింది.

నెవిల్ స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు. భయం వేసింది. కానీ భయం ఒక్కటే కాదు. హమ్మయ్య అనిపించింది. అవును, హాయిగా, కాళ్ళు బారజాపుకున్నంత హాయిగా, హమ్మయ్య అనిపించింది. చెప్పడం అయిపోయింది. తను చెప్పక్కర్లేదు.

పావుగంటకి దుమ్ము పలచబడింది. ఇల్లు ఎప్పటిలాగే ఉంది. వీధి తలుపు మూసి ఉంది, లోపల దీపం వెలుగుతోంది. టోపీ పక్క సీటు మీద ఉంది. ముట్టుకుంటే లోపలి పట్టీ తడిగా తగిలింది. పక్క పొలంవాడెవడో వచ్చి ఉంటాడు, వాడే చెప్పి ఉంటాడు అనుకున్నాడు. ముంగిట్లో ఇంకో బండి లేదన్న సంగతి గమనించనట్టే ఊరుకున్నాడు. పుస్తకం తీసి, సాయంత్రం 4.20, బెరిల్ పాస్కోకి స్వయంగా తెలియజేయడమైనది, అని రాసి సంతకం పెట్టాడు.

వైర్‌లెస్‌లో టెస్సా అడిగింది. "చెప్పారా బాస్?"

"చెప్పేశాను," అన్నాడు నెవిల్.

ఇంటికొచ్చి, చల్లారిపోయిన మాంసం, బంగాళాదుంపలు నాలుగు ముద్దలు మింగి, ఏడింటికే మంచం ఎక్కాడు. "బెరిల్ ఎలా ఉంది?" అని లోర్నా అడిగితే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. లోర్నా దీపం ఆర్పేసింది. ఇరవై ఆరుసార్లు ఆ వీపుని చూసిన మనిషి ఆమె.

శుక్రవారం పొద్దున కాగితాల మీద సంతకం కోసం టెస్సాని వెంటబెట్టుకుని మళ్ళీ పాస్కోల పొలానికి వెళ్ళాడు. పాపపు సొమ్ము తిన్నవాడిలా వెనక వెనకే నడిచాడు. బెరిల్ మెట్ల మీద కూర్చుని ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి గానీ మనిషి నిలకడగా ఉంది. లేచి వచ్చి నెవిల్‌ని కావలించుకుంది.

"నీ రుణం తీర్చుకోలేను నెవ్," అంది. "చెప్పేసి పోతావనుకున్నా. రాత్రంతా కూర్చున్నావు."

నెవిల్ సంతకాల కాగితాలు రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

"తెల్లారేదాకా నా చెయ్యి వదల్లేదమ్మా ఇతను," అంది బెరిల్ టెస్సాతో. "మంచినీళ్ళు కూడా ముట్టలేదు. కానీ నెవ్, నీ చెయ్యేంటయ్యా అంత చల్లగా ఉంది, ఇంత ఎండల్లో? ఒంట్లో బాగుందా?"

"ఎప్పుడు... ఎన్నింటికి వెళ్ళాను బెరిల్?"

ఆమె అతని మొహంలోకి వింతగా చూసింది. "తెల్లవారుజామున నాలుగింటికి లేచావు కదా. ఇంకా వెళ్ళాల్సిన ఇళ్ళున్నాయన్నావు."

సంతకం పెట్టించుకోవడానికి లోపలికి వెళ్ళారు. బల్ల దగ్గర రెండు కుర్చీలు ఎదురెదురుగా ఉన్నాయి. బెరిల్ ఒకదాంట్లో కూర్చుని, నిన్న నువ్వు కూర్చున్నావే అని రెండోది చూపించింది. దాని మీద వేలెడు మందాన మెత్తటి ఎర్రదుమ్ము పరుచుకుని ఉంది. ఎవరూ చెరపలేదు. నెవిల్ నిలబడే ఉన్నాడు.

తిరుగుదారిలో టెస్సా అతని వైపు తిరిగింది. "రాత్రంతా అక్కడున్నారని నాతో ఒక్క మాటైనా అనలేదేం బాస్?" అంది. ఆ గొంతులో గౌరవం ఉంది. ఆ గౌరవమే అతనికి చెంపదెబ్బలా తగిలింది. రాత్రంతా నేను గురక పెడుతూ పడుకున్నాను, కావాలంటే లోర్నాని అడుగు అని చెప్పాలనుకున్నాడు. చెబితే పుస్తకంలో రాసిన అబద్ధం బయటపడుతుంది. మిగిలిన కొద్ది రోజుల కోసం నోరు మూసుకున్నాడు.

స్టేషన్ గుమ్మంలో కొరాలీ డాసన్ నిప్పులు కక్కుతూ నిలబడి ఉంది. పెట్రోలు బంకు నడిపే ఓవెన్ డాసన్ భార్య. నోరున్న మనిషి. ఆమె తిట్లకి బొరిండాలో కుక్కలు కూడా దారిస్తాయి.

"ఏంటయ్యా నెవిల్ క్రేగో, రిటైరయ్యేముందు మతి పోయిందా? వేళాకోళాలకి హద్దుండక్కర్లేదా?"

"ఏమైంది కొరాలీ?"

"ఏమైందా! పొద్దున ఆరింటికి నా వీధి తలుపు కొట్టి, టోపీ చేత్తో పట్టుకుని, ఓవెన్ డాసన్ చనిపోయాడు అంటావా? ఎదురుగా పెరట్లో కోళ్ళకి గింజలు వేస్తున్నాడు ఆ మహానుభావుడు! చూపించేలోపే మెట్లు దిగి పోయావు. నా గుండె ఆగి నేను పోయుంటే ఎవడి పూచీ?"

టెస్సా నవ్వు ఆపుకుంది. "కొరాలీ, ఆరింటికి బాస్ ఇక్కడే ఉన్నారు. నేనే తలుపు కొట్టి లేపాను."

"నా కళ్ళు పోయాయంటావా?"

"ఓవెన్ ఎక్కడున్నాడు ఇప్పుడు?" అన్నాడు నెవిల్. అతని గొంతు అతనికే పరాయిగా వినిపించింది.

"ఎక్కడుంటాడు, షెడ్డులో. ఎవరిదో కారు కింద దూరాడు. ఈ మాట చెప్తే నవ్వి నవ్వి దగ్గొచ్చింది ఆయనకి."

"కొరాలీ, ఇంటికెళ్ళు. ఆయన్ని ఇవాళ పని చెయ్యనియ్యకు. పడుకోమను. డాక్టరుకి ఫోన్ చెయ్యి."

"ఏంటీ?"

"వెళ్ళమంటున్నానా!"

అతనలా అరవడం ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు. కొరాలీ మొహం పాలిపోయింది. పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది. ఆమె వెనకే నెవిల్ బండి తీశాడు, టెస్సా ఎక్కేదాకా కూడా ఆగలేదు. బంకు ఆరు వందల గజాల దూరం. అతను చేరేసరికి ఓవెన్ కారు కిందనుంచి బయటకి వచ్చేసి, షెడ్డు గుమ్మంలో బోల్తా పడి ఉన్నాడు. చేతిలో పానా ఇంకా ఉంది. గుండెపోటు. నెవిల్ మోకాళ్ళ మీద కూర్చుని, చెమట ధారలు కారేదాకా ఇరవై నిమిషాలు అతని ఛాతీ మీద నొక్కాడు. అవతల కొరాలీ గుంజని పట్టుకుని నిలబడి ఉంది.

నర్సు వచ్చి తల అడ్డంగా ఊపాక నెవిల్ లేచాడు. చెప్పాలి. ఇదైనా తనే చెప్పాలి. కొరాలీ దగ్గరికి నడిచాడు.

"దగ్గరికి రాకు," అంది కొరాలీ గుసగుసగా. అంత నోరున్న మనిషి, గుసగుసగా. "నువ్వు చెప్పాల్సింది పొద్దున్నే చెప్పేశావు."

పన్నెండున్నరకి నెవిల్ స్టేషన్లోకి వచ్చి, మధ్య తలుపు తీసుకుని ఇంట్లోకి వెళ్ళాడు. వంటింట్లో కర్టెన్లన్నీ వేసి ఉన్నాయి. అట్టపెట్టెల మధ్య, నేల మీద, ఒళ్ళో ఫోన్ పెట్టుకుని కూర్చుని ఉంది లోర్నా. అతన్ని చూడగానే పెదవుల మీద వేలు పెట్టింది.

"గంట నుంచీ కొడుతున్నాడు," అంది గొంతు తగ్గించి.

"ఎవరు?"

"నువ్వు."

నెవిల్ మెల్లగా ఆమె పక్కన కూలబడ్డాడు. మోకాలు టప్పుమంది.

"కిటికీలోంచి చూశాను," అంది లోర్నా. "తల వంచుకుని ఉన్నావు. టోపీ చేతిలో ఉంది. ముందు నువ్వే అనుకుని వెళ్ళబోయాను. మళ్ళీ అనిపించింది, నీ ఇంటికి నువ్వు వీధి తలుపు ఎందుకు కొడతావు?"

"తీశావా?"

"ఇన్నేళ్ళు నీతో కాపురం చేశాను నెవ్. టోపీ చేత్తో పట్టుకున్నవాడికి తలుపు తీస్తానా?" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అందరికీ ఫోన్ చేశాను. మన అమ్మాయి ఎలెన్ బాగుంది. ఆఫీసులో ఉంది, పిల్లలు బళ్ళో ఉన్నారట. పిచ్చి పట్టిందా అమ్మా అని తిట్టింది. మా అన్నయ్య బాగున్నాడు. మీ అమ్మ పేకాడుకుంటోంది. నువ్వూ ఇక్కడే ఉన్నావు. అందరం ఉన్నాం. మరి ఎవరి గురించి?"

తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి.

గట్టిగా కాదు. అలిసిపోయినవాడు కొట్టినట్టు. ఇరవై ఆరు తలుపులు నెవిల్ అలాగే కొట్టాడు, మరీ గట్టిగా కొడితే భయపడతారని. అవతల నిలబడితే అదొక మర్యాదలా ఉండేది. ఇవతల కూర్చుని వింటే, ఒక్కో దెబ్బకీ ఇంకాస్త వెనక్కి జరగాలనిపిస్తోంది. ఇంతకాలం జనం తలుపు ఎందుకు ఆలస్యంగా తీస్తారో అతనికి ఇప్పుడు తెలిసింది.

అప్పుడు లోర్నాకి అంతా చెప్పాడు. గేటు దగ్గర ఆగిపోవడం, అన్న మాట, రాసిన అబద్ధం, ఓవెన్ చావు, అన్నీ. లోర్నా తిట్టలేదు. అతని చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"నా పని నేను వదిలేశాను," అన్నాడు నెవిల్. "వాడు ఎత్తుకున్నాడు."

"తియ్యకపోతే చెప్పలేడు కదా?"

"చెప్పకపోతే జరగకుండా ఉంటుందా? కొరాలీ నమ్మకపోయినా, ఓవెన్ ఉన్నాడా?"

మళ్ళీ మూడు దెబ్బలు.

నెవిల్ లేచాడు. లోర్నా అతని చొక్కా పట్టుకుంది, ఆ పైన తనే వదిలేసి వెనకాలే నడిచింది. నడవలో వెలుగు తక్కువగా ఉంది. వీధి తలుపుకి మధ్యలో గరుకు అద్దం. దాని అవతల ఒక నీడ, భుజాలు జారి... తల వంచుకుని... తడిసిన ఉన్ని వాసన తలుపు కిందనుంచి లోపలికి పాకుతోంది.

నెవిల్ గొళ్ళెం మీద చెయ్యి వేశాడు. తియ్యలేదు. తలుపుకి మొహం దగ్గరగా పెట్టాడు.

"ఇక నేను చెప్తాను," అన్నాడు గుసగుసగా. "నాది నేనే చెప్పుకుంటాను. ఏ ఇల్లయినా సరే, ఎన్నయినా సరే. ఆ టోపీ నాకిచ్చి నువ్వు వెళ్ళిపో. ఇంక విశ్రాంతి తీసుకో."

అవతల ఊపిరి చప్పుడు కూడా లేదు.

"వింటున్నావా?... నేను చెప్తానంటున్నాను."

నీడ కదిలింది. మెట్లు దిగిన చప్పుడు. మూడు. రెండు. ఒకటి. ఈడ్చిన కుడికాలు గులకరాళ్ళ మీద కాసేపు వినబడి, రోడ్డు మీద ఆగిపోయింది.

లోర్నా గోడకి ఆనుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నెవిల్ ఆమెని దగ్గరికి తీసుకున్నాడు. ఈ సాయంత్రమే, మిగిలిన రోజులు కూడా ఆగకుండా, సామాను ఎక్కడున్నది అక్కడే వదిలేసి సముద్రం దగ్గరికి వెళ్ళిపోదామా అనుకున్నారు ఇద్దరూ. ఆ మాట పైకి అన్నది లోర్నా. సరేనన్నాడు నెవిల్. వెళ్ళేముందు టెస్సాతో నిజం చెప్పేస్తాననీ, బెరిల్ దగ్గరికి వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాననీ అన్నాడు. ఆ మాటలు అన్నాక పదహారేళ్ళ బరువు దిగినట్టయింది.

పదినిమిషాలు ఆగి తలుపు తీశాడు.

మెట్ల మీద ఎవరూ లేరు. నడి ఎండ తెల్లగా కాస్తోంది. ఎదురింటి హేజెల్ ట్రెలోర్ రోడ్డు దాటి వస్తోంది. ఎనభై ఏళ్ళ ముసలామె. చేతికర్ర కూడా లేకుండా, రెండు చేతులతో ఒక పింగాణీ గిన్నె పట్టుకుని, పైన బట్ట కప్పి, ఒలకకుండా అడుగులో అడుగు వేస్తోంది. బొరిండాలో పొయ్యి వెలగని ఇంటికే అలా గిన్నె తెస్తారు.

నెవిల్ గుమ్మంలోనే నిలబడ్డాడు.

ముసలామె ఆయాసపడుతూ వచ్చి గిన్నెని లోర్నా చేతుల్లో పెట్టింది. "తినాలని లేకపోయినా రెండు ముద్దలు తినండమ్మా. గొర్రె మాంసం, బార్లీ. గిన్నె తొందరేం లేదు."

"హేజెల్," అన్నాడు నెవిల్. "ఎవరు చెప్పారు నీకు?"

"నువ్వే కదా నాయనా. మీ ఆవిడ తలుపు తియ్యట్లేదని ఇంతకుముందే మా ఇంటికొచ్చి చెప్పావు. పాపం, నీ బాధ నువ్వు పడకుండా ఇల్లిల్లూ తిరిగి చెప్పుకుంటున్నావు." ఆమె చెయ్యి చాచి అతని చెంప నిమిరింది. తర్వాత లోర్నా చెంప నిమిరింది.

"ఏమని చెప్పాను? ఎవరు పోయారని చెప్పాను?"

ముసలామె ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. పెదవులు కదిలాయి. కళ్ళు నిండాయి.

"నా నోటితో ఎందుకు చెప్పిస్తావు నాయనా," అని వెనక్కి తిరిగింది.

"హేజెల్! హేజెల్, ఆగు!"

ఆగలేదు. లోర్నా చేతుల్లో గిన్నె వేడికి కాలుతున్నట్టుంది, అయినా కింద పెట్టలేదు. పక్కింటి గేటు కిర్రుమంది. అటు చూస్తే ఆ ఇంటి డోరతీ, చేతులు ఖాళీ లేక గేటుని తుంటితో నెట్టి మూస్తోంది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు, అందరూ బట్ట కప్పిన గిన్నెలతో ఇటే నడిచి వస్తున్నారు.